సిలిండరు ఎవరు పట్టుకెళ్లారు?

మా ఇంట్లో పనికొచ్చే అక్కది బెజవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఊరి మీద పడ్డప్పుడు ఆమె, ఆమె ఇద్దరు పిల్లలు పక్కింటి డాబా మీద మూడు రాత్రులు గడిపారు. రెండో రోజు పడవ వచ్చింది. ఎక్కలేదు. ఎందుకెక్కలేదని నేను ఫోన్లో కేకలేశాను. "ఇల్లొదిలేసి ఎట్టా వస్తాం సార్, దొంగలు పడతారు" అంది.

పీకల్లోతు నీళ్లలో దొంగెవడు వస్తాడని నవ్వాను. నీళ్లు తీసి ఆమె ఇంట్లో అడుగు పెట్టేసరికి బియ్యం డబ్బా బురదలో బోర్లా పడి ఉంది, మంచం తేలి వచ్చి గుమ్మానికి అడ్డం పడింది, గ్యాస్ సిలిండరు లేదు. రెగ్యులేటరు మాత్రం పొయ్యి గట్టు మీద బుద్ధిగా పెట్టి ఉంది. వరద రెగ్యులేటరు విప్పి పక్కన పెట్టదు కదా.

ఎవరు తీశారో ఆమెకి తెలుసు. నాలుగిళ్ల అవతలి కుర్రాడు. భుజాన వేసుకుని పోతుంటే డాబాల మీద నుంచి చూసినవాళ్లున్నారు. స్టేషన్‌కి వెళ్దాం, నేను వెంట వస్తాను అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"పోలీసులొస్తే ముందు మావోణ్ణే తీసుకెళ్తారు సార్."

మావోడంటే ఆమె పెద్దకొడుకు. పదిహేడేళ్లప్పుడు ఏదో సెల్‌ఫోన్ పోయిన కేసులో ఒక రాత్రంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. ఫోను ఇంకెవరి దగ్గరో దొరికింది. వీణ్ణి పంపేశారు. అయినా అప్పటినుంచి ఆ చుట్టుపక్కల ఏం పోయినా ఒకసారి వచ్చి వాడు ఇంట్లో ఉన్నాడా అని అడిగి పోతారు. మనం తిట్టుగా వాడే 'కేడీ' అన్న మాట పోలీసు రికార్డుల్లో పుట్టిందే. ఒకసారి ఆ కాగితం మీదికి ఎక్కడమే గాని దిగడం ఉండదు.

ఏడాది దాటినా ఆమె అన్న ఆ ఒక్క వాక్యం నన్ను వదల్లేదు. దానికి కారణం నా ఉద్యోగం. గుంటూరులో పోటీ పరీక్షల పిల్లలకి సోషియాలజీ చెబుతాను. 'నేరం: మార్క్సిస్టు దృక్పథం, విమర్శలు' అనే పాఠం ఏటా వస్తుంది, ఏటా చెబుతాను. పెట్టుబడిదారీ వ్యవస్థ నేరాన్ని పుట్టిస్తుంది, చట్టం పాలకవర్గానిది, శిక్ష పేదలకి. తర్వాత పేజీలో విమర్శలు, వరస సంఖ్యలతో. మొన్న ఒకమ్మాయి అడిగింది, "సార్, మీరు ఏ పక్షం?" అని. పరీక్షలో పక్షం అక్కర్లేదమ్మా అని తప్పించుకున్నాను. ఆ పిల్లకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

దోపిడీ అనే మాట

తెలుగులో ఒక చిత్రం ఉంది. పేపరు జిల్లా ఎడిషన్లో 'దోపిడీ' అంటే కత్తి చూపించి గొలుసు లాక్కోవడం. మే డే కరపత్రంలో 'దోపిడీ' అంటే ఎనిమిది గంటల కూలిచ్చి పన్నెండు గంటలు పని చేయించుకోవడం. రెండింటికీ ఒకటే మాట. అందుకే మనకి మార్క్సిస్టు వాదం సగం రుజువైపోయినట్టే వినపడుతుందని నా అనుమానం. అసలు దోపిడీదారు పైన ఉన్నాడు, కింద జరిగేది దానికి నీడ. మాటే వాదాన్ని మోసుకొస్తోంది.

మాట కలిసినంత మాత్రాన రెండూ ఒకటి కావు. అయితే నేను ముందు ఒప్పుకోవాల్సిన సంగతులు చాలా ఉన్నాయి, వాటిని దాటేసి విమర్శలోకి దూకితే అన్యాయం.

పుల్లలు, పుల్లరి

1842లో కార్ల్ మార్క్స్‌కి 24 ఏళ్లు. కొలోన్‌లో పత్రికకి రాస్తున్నాడు. రైన్ ప్రాంతపు అడవుల్లో రాలిపడిన పుల్లలు ఏరుకోవడం పేదలకి తాతలనాటి నుంచీ ఉన్న అలవాటు. దాన్ని దొంగతనం కింద జమకట్టాలని అక్కడి సభలో భూస్వాములు చర్చించారు. ఆ చర్చ మీద మార్క్స్ వరసగా వ్యాసాలు రాశాడు. సిద్ధాంతాలన్నీ తర్వాత వచ్చాయి, మొదట వచ్చింది ఈ పుల్లల గొడవే. నిన్నటి దాకా వంటచెరకు, ఇవాళ దొంగసొత్తు. పుల్ల మారలేదు, ఏరుకునే చెయ్యీ మారలేదు, మారింది చట్టం.

దీనికి గుంటూరోళ్లం జర్మనీ దాకా పోనక్కర్లేదు. పల్నాడు ఉంది. అడవిలో పశువులు మేపుకున్నందుకు పుల్లరి కట్టమన్నారు, కట్టనివాళ్ల పశువుల్ని బందెలదొడ్డికి తోలారు. 1921లో జనం ఎదురుతిరిగారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. ఆయన విగ్రహాలు మనకి చాలా ఊళ్లలో ఉన్నాయి. ఆనాటి కాగితాల ప్రకారం చూస్తే మాత్రం ఆయన నేరస్తుడే.

ఇక స్టువర్టుపురం. బాపట్ల దగ్గరి ఆ ఊరి పేరు చెబితే మా అమ్మమ్మ తలుపు గడియ ఇంకోసారి చూసుకునేది. ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకునేవాళ్లు. రైలొచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, ఆ బేరం పోయింది. తిరిగే మనిషికి బేరం లేకపోతే సర్కారు దృష్టిలో వాడు అనుమానితుడు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఆ తర్వాత రెండుమూడేళ్లలో, ఎరుకలవాళ్లని ఉంచడానికి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల మీదుగా స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. మా బెజవాడకి ఎదురుగా, కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరంలోనూ అలాంటిదే ఒకటి ఉండేది. హాజరు వేయించుకోవాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. మరి తిండి? చీరాల పొగాకు కంపెనీలో కూలి. అంటే దొంగల్ని బాగుచెయ్యడం అని పేరు, చవగ్గా దొరికే, పారిపోలేని కూలీలు ఫలితం. మార్క్సిస్టు పుస్తకంలో ఉదాహరణ కోసం కల్పించినా ఇంత నున్నగా కుదరదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరి పేరుకి అంటిన మరక రద్దు కాలేదు. ఆ వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు గుంటూరులో గది అద్దెకి అడిగినప్పుడు సొంతూరు 'బాపట్ల' అనే చెబుతాడు.

ఇంకొకటి, లెక్కల్లో తేలేది. నూటయాభై ఏళ్లకి పైగా నడిచిన మన శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీస్తే 2 ఏళ్లు. సైకిలు ఎత్తుకుపోయినవాడికి పడగలిగేది, సేఫ్టీ వాల్వు బాగుచేయించక కూలీ చావుకి కారణమైనవాడికి పడగలిగేదానికంటే ఎక్కువన్నమాట. 2024 జూలై 1న దాని స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో రెండోదాన్ని 5 ఏళ్లు చేశారు. అంతకాలం అట్లాగే ఉందన్న సంగతి మాత్రం మిగిలిపోతుంది. 1845లో ఎంగెల్స్ ఇంగ్లండు కార్మికుల బతుకుల గురించి రాస్తూ, మనుషుల్ని తొందరగా చచ్చే పరిస్థితుల్లో ఉంచి ఊరుకోవడం కూడా హత్యేనని, అది సమాజం చేసే హత్య అని అన్నాడు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ గ్యాస్ పీల్చి రోడ్ల మీద పడిపోయినవాళ్లని టీవీలో చూసినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

బుడమేరు సంగతీ అంతే. వాగు దారిలో ప్లాట్లు వేసి అమ్మినవాడు ఏ దొంగల జాబితాలోనూ ఉండడు. కానీ ఇక్కడే నా చెయ్యి కొంచెం తడబడుతుంది. ఆ ప్లాట్లు కొన్నది ఎవరు? నోటరీ కాగితం మీద అరవై గజాలు కొనుక్కున్న మా అక్కలాంటివాళ్లు. ఆక్రమణ అని గీత గీస్తే పెద్దవాళ్ల లేఅవుటుతో పాటు ఆమె రేకుల ఇల్లూ గీతకి అటే పడుతుంది. పైన ఒక దుర్మార్గుడు, కింద ఒక అమాయకుడు అన్న బొమ్మ దూరం నుంచి చూస్తేనే స్పష్టంగా ఉంటుంది.

బాబాయితో తగువు

మా బాబాయి తెనాలి మనిషి, పార్టీ మనిషి. ఎనభై దగ్గరపడుతున్నా పొద్దున్నే పేపరు మీద ఎర్ర పెన్నుతో గీతలు కొడతాడు. సిలిండరు సంగతి ఆయనకి చెప్పాను.

"వాడు దొంగేంట్రా? వాడి చేత దొంగతనం చేయించిన వ్యవస్థ దొంగ" అన్నాడు.

"మరి వ్యవస్థ అక్క ఇంటికే ఎందుకు వచ్చింది బాబాయ్? బెంజ్ సర్కిల్ దగ్గర అపార్టుమెంట్లు లేవా?"

"అక్కడ వాచ్‌మెన్ ఉంటాడు" అన్నాడు, నవ్వలేదు.

నాకు ఆ జవాబే అసలు చిక్కుగా కనపడింది. వాచ్‌మెన్ లేని ఇల్లు పేదవాడిది. కాబట్టి దొంగతనం అక్కడే జరుగుతుంది. బ్రిటన్‌లో మార్క్సిస్టు నేరశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన జాక్ యంగే, 1973లో 'ది న్యూ క్రిమినాలజీ' అనే పుస్తకం ఇద్దరితో కలిసి రాసినవాడే, 1984లో జాన్ లీతో కలిసి ఇంకో పుస్తకంలో మాట మార్చాడు. వీధి నేరం దెబ్బ ఎక్కువగా తగిలేది కార్మికవర్గానికే, దాన్ని పట్టించుకోకుండా పైవాళ్ల నేరాల గురించే మాట్లాడితే ఆ మైదానమంతా మితవాదులకి వదిలేసినట్టేనని వాళ్ల వాదన. తన మాట తనే దిద్దుకున్నందుకు నాకు ఆయన మీద గౌరవం. కడుపు కాలి మాత్రమే ఎవడూ దొంగ కాడు, పక్కవాడితో పోల్చుకుని తనకి అందలేదన్న మంట కూడా ఉంటుందని కూడా వాళ్లన్నారు. సింగ్‌నగర్ కుర్రాళ్ల చేతుల్లో ఫోన్లు చూసినవాడెవడికైనా అది నిజమని తెలుసు.

దీనికి బాబాయి దగ్గర జవాబుంది. పెట్టుబడిదారీ విధానం మనిషిలో స్వార్థాన్ని పెంచుతుంది, నేరం దాని పంట. 1905లో డచ్చి పండితుడు విల్లెం బోంగర్ వాదన ఇదే. మనిషి పుట్టుకతో దొంగ కాడు, ఎవడి మటుకు వాడే అన్న బతుకు వాణ్ణి అట్లా చేస్తుంది. ఆ కాలంలో దొంగల పుర్రెలు కొలిచి నేరం కనిపెడతామన్న శాస్త్రజ్ఞులుండేవాళ్లు. వాళ్ల మధ్య బోంగర్ ఎంతో మానవత్వం ఉన్నవాడు.

సరే, ఆ వ్యవస్థ పోతే? నేను 1932 సంగతి ఎత్తాను. మన పొలాల్లో కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకోవడాన్ని పరిగ అంటాం. పరిగ ఏరుకునే ముసలమ్మని తరిమిన రైతుని ఊళ్లో పదిమందీ తిట్టేవాళ్లు. సోవియట్ దేశంలో 1932 ఆగస్టు 7న ఒక శాసనం తెచ్చారు. సమష్టి క్షేత్రాల సొత్తు తీస్తే కాల్చివేత, దయతలిస్తే 10 ఏళ్లు. ఆకలికి కంకులు ఏరుకున్నవాళ్ల మీద కూడా దాన్ని వాడారు. జనం దానికి కంకుల చట్టమని పేరు పెట్టుకున్నారు. పుల్లలు ఏరుకునేవాళ్ల పక్షాన కలం పట్టిన మనిషి పేరుతో నడిచిన రాజ్యం, తొంభై ఏళ్ల తర్వాత కంకులు ఏరుకునేవాళ్లని జైలుకి పంపింది.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. "అది వేరే" అన్నాడు చివరికి. ఆయన 'అది వేరే' అన్నాడంటే దెబ్బ తగిలిందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయితే నాకూ ఒక దెబ్బ తగిలించాడు. "నీ సిలిండరు పోలేదు కాబట్టి నీకిది చర్చ. నువ్వు ఎటువైపు తేల్చినా నీ ఇంట్లో అన్నం ఉడుకుతుంది" అన్నాడు. దీనికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఆయన సొంత కథ ఒకటుంది. డెబ్బైల్లో ఒక సమ్మెలో రాళ్లు రువ్వాడని కేసు పెట్టారు. ఆయన ఆ రోజు ఊళ్లోనే లేడు. మేజిస్ట్రేటు సాక్షుల్ని విని, నమ్మదగ్గట్టు లేరని కొట్టేశాడు. చట్టం పాలకవర్గపు కర్ర మాత్రమే అయితే ఆ కర్ర ఆ రోజు ఎందుకు లేవలేదు? ఇంగ్లండు మార్క్సిస్టు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ఆగాడు. ఇంగ్లండులో 1723 నాటి నల్ల చట్టం మీద ఆయన పుస్తకం రాశాడు. జింకల్ని వేటాడినా, మొహానికి మసి పూసుకుని అడవిలో దొరికినా ఉరి. పుస్తకమంతా ఆ చట్టం కులీనుల కోసం ఎట్లా పనిచేసిందో చూపించి, చివర్లో సాటి మార్క్సిస్టులకి కోపం తెప్పించే మాట అన్నాడు: చట్టబద్ధ పాలన మనుషులందరికీ మేలు చేసే విషయమేనని. న్యాయంగా కనపడాలంటే చట్టం అప్పుడప్పుడు న్యాయంగా ఉండక తప్పదు, ఆ 'అప్పుడప్పుడు' పేదవాడికి దొరికే సందు. బాబాయి ఆ సందులోంచే బయటికొచ్చాడు.

చుండూరు

క్లాసులో విమర్శల జాబితాలో 'స్త్రీలనీ కులాన్నీ విస్మరించింది' అని ఒక లైను ఉంటుంది. గుంటూరులో కూర్చుని దాన్ని ఒక్క లైనుగా చదవడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. తెనాలికి అంత దగ్గర్లో చుండూరు ఉంది మరి. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ. అది పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేసేదాకా వెళ్లింది. కూలి రేటు తగువు కాదది. చదువుకుని, ప్యాంటూ చొక్కా వేసుకుని, హాల్లో పక్క సీట్లో కూర్చోవడం దగ్గర రగిలిన కోపం. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

భూమి ఎవరిదో చూడు, అంతా వర్గమే అంటాడు బాబాయి. భూమి సంగతి కాదనను. కానీ ఆ భూమి లెక్కకీ, తన ఎదురుగా కాలు మీద కాలు వేసుకున్న మనిషిని చూస్తే కమతదారుడికి వచ్చే కోపానికీ మధ్య ఎక్కడో లంకె తెగిపోతుంది. లాభనష్టాల పద్దులో ఆ హత్యలు ఎక్కడ రాస్తారు? ఇంట్లో పెళ్లాన్ని కొట్టేవాడి సంగతీ ఇంతే. కూలీ కొడతాడు, ఫ్యాక్టరీ ఓనరూ కొడతాడు. మా అక్క మొగుడు తాగి కొట్టేవాడు, ఆమె అంతకుముందు పనిచేసిన డాక్టరు గారింట్లో అయ్యగారు తాగకుండా కొట్టేవాడట.

ఒకే సందులో ఇద్దరు కుర్రాళ్లు

ఇంతకీ నా పక్షం. అక్క అన్న వాక్యాన్ని మళ్లీ చూడండి. ఆ సందులో ఇద్దరు కుర్రాళ్లున్నారు. ఇద్దరివీ రేకుల ఇళ్లే, ఇద్దరివీ పదో తరగతితో ఆగిన చదువులే, ఒకే వరద ఇద్దరి ఇళ్లనీ ముంచింది. ఒకడు సిలిండరు ఎత్తుకెళ్లాడు. ఇంకొకడు, అక్క పెద్దకొడుకు, ఆ మూడు రోజులూ పాల ప్యాకెట్లు ఇంటింటికీ ఈదుకుంటూ మోశాడు. ఎందుకీ తేడా అని మార్క్సిస్టు వివరణని అడిగితే నోరు విప్పదు. వర్గం ఒకటే, వ్యవస్థ ఒకటే, ఇద్దరూ ఒక్కటే చెయ్యాలి కదా. పేదరికం దొంగల్ని చేస్తుందని జాలిగా అనేవాళ్లు, రెండో కుర్రాడిని గురించి ఏమంటున్నారో గమనించుకోరు. పోలీసులూ వాడి గురించి అదే అనుకుంటున్నారు, జాలి లేకుండా. పేదవాడు కాబట్టి దొంగై ఉంటాడని.

కానీ ప్రశ్న మార్చి, పోలీసులు ముందు రెండోవాడి ఇంటికే ఎందుకు వస్తారని అడగండి. దీనికి మాత్రం మిగతా సిద్ధాంతాలు నసుగుతాయి, ఇది సూటిగా చెబుతుంది. ఎవరి పేరు కాగితం మీదికి ఎక్కుతుంది, ఎవరిది ఎక్కదు, ఏ తప్పు నేరమవుతుంది, ఏది జరిమానాతో పోతుంది. మన జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే. వాళ్లు ఎట్లాంటి ఇళ్ల నుంచి వచ్చారో చూడ్డానికి జైలు ములాఖత్ లైను దగ్గర ఒక గంట నిలబడితే చాలు. కాబట్టి నా మట్టుకు ఇది చట్టాన్ని, స్టేషన్‌ని వివరించే సిద్ధాంతం. సిలిండరు మోసుకుపోయిన చేతిని వివరించమంటే దానికి చేతకాదు. వివరించబోయి రెండో కుర్రాడికి అన్యాయం చేస్తుంది, ఇల్లు వదిలి పడవెక్కలేకపోయిన ఆ అమ్మని మర్చిపోతుంది.

అట్లా అయితే నీది గోడ మీద పిల్లి వాటం కదా అని బాబాయి అన్నాడు. కావచ్చు.

తీసినవాడు దాన్ని టీ బండికి అమ్మేశాడని కొందరు, వాళ్లమ్మే దాని మీద వండుతోందని కొందరు సందులో చెప్పుకున్నారు. అప్పట్లో కొత్త కనెక్షన్‌కి సిలిండరు డిపాజిట్ 2,200 రూపాయలు. కొత్త సంహిత ప్రకారం మామూలు దొంగతనమై, 5,000 రూపాయల లోపు సొత్తు, మొదటిసారి తప్పు, వస్తువో దాని విలువో తిరిగిచ్చేస్తే జైలు లేదు, సమాజ సేవే శిక్ష. ఈ సంగతి అక్కకి వివరంగా చెప్పాను, ఇప్పుడైనా కేసు పెడతావేమోనని. అంట్లు తోముతూ విన్నది.

"అదంతా ఎందుకు సార్? నా సిలిండరు నాకిచ్చేస్తే చాలు. రోజూ పంపు దగ్గర వాళ్లమ్మ కనపడద్ది, మొహం తిప్పుకుని పోద్ది. ముందు ఆవిడ నాతో మాట్లాడాల."